హర్ కీ దూన్ కాలినడక: ఎత్తుకు అలవాటు పడుతూ ఎక్కే పద్ధతి

ఉత్తరాఖండ్‌లోని గోవింద్ జాతీయ ఉద్యానంలో, సుపిన్ నది వెంట దేవదారు అడవుల గుండా ఎత్తైన పచ్చిక మైదానాల దాకా సాగే హర్ కీ దూన్ దారిని, హిమాలయాల్లో తొలిసారి నడవబోయేవారికి అన్నిటికంటే ముందుగా సూచిస్తాను. ఈ దారిలో ఎత్తు మెల్లగా పెరుగుతుంది, మధ్యలో గంగాడ్, ఓస్లా వంటి ఊళ్లు తగులుతాయి. అయినా విశాఖ, విజయవాడల నుంచి వెళ్లేవారికి 3,500 మీటర్ల ఎత్తు తేలికైనది కాదు కనుక, ఏ రోజు ఎంత దూరం నడవాలన్నది కాళ్ల సత్తువను బట్టి కాక, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

మే నుంచి జూన్ మధ్య వరకు, ఆ తర్వాత సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు అనువైన కాలం. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడతాయి కాబట్టి ఆ రెండు నెలలూ వద్దు.

డెహ్రాడూన్ నుంచి ఈ నడకకు స్థావరమైన సాంక్రీ ఊరికి సుమారు 190 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, దానికి ఒక పగలంతా పడుతుంది. దారిలో నైట్వాడ్ దగ్గర గుర్తింపు కార్డు చూపి, అటవీశాఖకు ప్రవేశ రుసుము చెల్లించి, రసీదు దగ్గర ఉంచుకోవాలి. మర్నాడు తాలూకా వరకు జీపులో వెళ్లి, అక్కడి నుంచి నది పక్కనే ఓస్లాకు నడవాలి. ఓస్లా సుమారు 2,560 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి హర్ కీ దూన్ దాదాపు వెయ్యి మీటర్లు పైన ఉంది. ఈ వెయ్యి మీటర్లను ఒకే రోజున ఎక్కి పైనే పడుకోవడం మంచిది కాదు. మధ్యలో కల్కత్తియాధార్ దగ్గర ఒక రాత్రి ఆగి, మర్నాడు తెల్లవారుజామునే బయలుదేరి, పైన స్వర్గారోహిణి శిఖరాలను తీరిగ్గా చూసుకుని, మధ్యాహ్నం మబ్బులు కమ్మేలోగా తిరిగి కిందికి వచ్చి పడుకుంటే ఒంటికి మేలు. మైదానానికీ అదే మేలు: బుగ్యాళ్లు అనే ఆ పచ్చికబయళ్లలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. అందువల్ల గుడారం ఎక్కడ వేసుకోవచ్చో సాంక్రీలోనే అడిగి తెలుసుకోవాలి.

ఎత్తుకు ఒళ్లు అలవాటు పడక తలనొప్పికి తోడు వికారం, ఆకలి మందగించడం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆ రోజు ఇక పైకి ఎక్కకూడదు. తిన్నగా గీత గీసినట్టు నడవలేక తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, రాత్రి అయినా సరే తోడు ఇచ్చి వెంటనే కిందికి దించాలి. తెల్లవారాక చూద్దామని ఆగడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ బాధలు రాకుండా వాడే ఎసిటాజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బయలుదేరకముందే వైద్యుణ్ణి అడగాలి.

కాళ్లను సిద్ధం చేయడానికి మనవారికి అలిపిరి మెట్ల దారికి మించిన చోటు లేదు. ఆ 3,550 మెట్లనూ వీపున సంచితో ఎక్కడమే కాదు, నడిచే దిగాలి కూడా, ఎందుకంటే మోకాళ్లు నొప్పి పుట్టేది దిగేటప్పుడే. కొత్త బూట్లను కనీసం నెల ముందు నుంచే తొడిగి నడవాలి. దిగుడు మొదలయ్యేచోట ఆగి, మడమను నేలకు తట్టి బూటు వెనక్కి ఆనేలా చేసి, చీలమండ వంపు దగ్గర లేసును రెండు మెలికలు వేసి బిగిస్తే, వేళ్లు ముందుకు జారి గోళ్లు నల్లబడవు.

నూలు బనియను చెమటకు తడిస్తే చలిలో ఎంతకీ ఆరదు, కాబట్టి ఒంటికి తగిలే బట్ట ఉన్నిదో పాలియెస్టరుదో కావాలి. దానిపైన వెచ్చనిది, ఆపైన వానకు తడవనిది వేసుకోవాలి. పడుకునేటప్పుడు తొడుక్కోవడానికి ఒక పొడి జత మేజోళ్లను ప్లాస్టిక్ సంచిలో వేరుగా దాచుకోవాలి, పగలు ఎంత తడిసినా వాటిని ముట్టుకోకూడదు.

వాగు నీళ్లు తేటగా కనిపించినా పైన గొర్రెలు మేస్తుంటాయి కనుక మూడు నిమిషాలు మరిగించే తాగాలి. అంత ఎత్తులో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు సరిగా ఉడకదు. పల్లీ చిక్కీ, నువ్వుండలు, రెండు పూటలకు సరిపడా అటుకులు వెంట ఉంటే వంట ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

డెహ్రాడూన్ నుంచి తిరుగు టికెట్టును సాంక్రీకి దిగివచ్చిన మర్నాటికి కాక, ఇంకో రోజు వదిలి తీసుకోవాలి. పురోలా, మోరీల మధ్య రోడ్డు మూసుకుపోయినా ఆ రోజు చేతిలో ఉంటుంది.