విదేశీ సేవకు బయలుదేరేవారికి కొన్ని జాగ్రత్తలు

సికింద్రాబాద్‌లో మాకు తెలిసిన ఒక క్రైస్తవ సంఘం నుంచి తూర్పు ఆఫ్రికాకు సువార్త సేవకు వెళ్లిన భార్యాభర్తలు ఏడాది తిరగకముందే ఇంటికి వచ్చేశారు. వాళ్లంతట వాళ్లు రాలేదు, అక్కడి ప్రభుత్వమే పంపేసింది. వెళ్లింది విజిట్ వీసా మీద. పిలిచిన పరిచర్య (సేవా సంస్థ) వాళ్లు "ముందు మీరు రండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. వీసా పొడిగిస్తామని ఇద్దరి పాస్‌పోర్టులూ తీసుకుని బీరువాలో పెట్టారు. పొడిగించలేదు. ఆ చెల్లెమ్మకు మలేరియా ముదిరి మాట తడబడుతున్నా, పెద్దాసుపత్రిలో పాస్‌పోర్టు అడుగుతారన్న భయంతో రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు. దేవుని దయవల్ల బ్రతికింది. గడువు దాటి ఉన్నందుకు మాత్రం జరిమానా కట్టాల్సి వచ్చింది.

సూట్‌కేసులో ఏం సర్దుకోవాలో, ప్రతి రోజూ ప్రార్థన చేసుకోవాలనో ఇక్కడ చెప్పడం లేదు. అవి మీకు తెలుసు. ఏళ్ల తరబడి మంచి మంచి సేవకులను దెబ్బతీసిన తప్పు ఒకటుంది. దాని గురించే ముఖ్యంగా రాస్తున్నాను.

వీసా

దీర్ఘకాలం సేవ చేయడానికి విజిట్ వీసా మీద వెళ్లకండి.

ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆఫీసరు "ఎందుకొచ్చారు" అని అడిగితే "చూడటానికి" అని చెప్పాలి. అంటే సువార్త చెప్పడానికి వెళ్లిన మనిషి ఆ దేశంలో పలికే మొదటి మాటే అబద్ధం. ఆ అబద్ధం తెలిసిన ప్రతివాడి చేతిలోనూ మీరు ఉంటారు. ఇంటి ఓనరు అద్దె పెంచినా, పిలిచినవాళ్లు ఇస్తానన్న డబ్బు ఇవ్వకపోయినా, దొంగలు పడినా పోలీస్ స్టేషన్ మెట్లెక్కలేరు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికీ భయమే. స్థానిక విశ్వాసుల సంగతి ఇంకా ఘోరం. మీరు విమానమెక్కి వచ్చేస్తారు, విచారణకు పిలిస్తే వెళ్లాల్సింది వాళ్లు.

"విశ్వాసంతో వెళ్తున్నాం, ప్రభువు చూసుకుంటాడు" అనేవారికి అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం చూపిస్తాను. కొరడాలతో కొట్టబోతుంటే పౌలు తాను రోమా పౌరుణ్ణని చెప్పాడు. 25లో కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు. చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడం ఆయనకు అవిశ్వాసంగా అనిపించలేదు.

చాలా దేశాల్లో సేవకులకు సరైన దారి ఉంది. కెన్యాలో మత, సేవా సంస్థల పనికి ‘ఐ’ తరగతి పర్మిట్ ఇస్తారు. అమెరికాలో ఆర్-1 వీసా ఉంది. దానికి అంతకుముందు కనీసం 2 ఏళ్లుగా అదే డినామినేషన్‌లో సభ్యులై ఉండాలి, మొత్తం 5 ఏళ్ల వరకు ఉండనిస్తారు. ఆలస్యమవుతుంది, ఖర్చవుతుంది. అయినా అదే దారి.

ఇదంతా తెలిసి కూడా ఎందుకు తప్పు చేస్తారంటే, వీసా రాకముందే వీడ్కోలు కూటం పెట్టేస్తారు. ఫ్లెక్సీలు కొట్టిస్తారు, దండలు పడతాయి, కానుకలు అందుతాయి. తీరా పర్మిట్ ఆలస్యమైతే సంఘం ముందు తలెత్తుకోలేక, ఏ వీసా దొరికితే దాని మీద శంషాబాద్‌లో విమానం ఎక్కేస్తారు. పాస్టర్ గార్లకు చేతులు జోడించి చెబుతున్నాను: సరైన వీసా చేతికి వచ్చేదాకా తేదీ ప్రకటించకండి. ఎదురుచూస్తున్న కుటుంబాన్ని "ఇంకా వెళ్లలేదా?" అని ఎవరూ అడగకుండా చూసే పని కూడా మీదే.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు కదా అంటారు. అక్కడ మతం మార్పించడం 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్ ప్రకారం నేరం. 5 ఏళ్ల వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులనైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. సరిహద్దు సులువుగా దాటగలిగినంత మాత్రాన లోపల చట్టం సులువుగా ఉండదు.

ఆరోగ్యం

ఆఫ్రికా దేశాలకు చాలావరకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. గర్భిణులు, 60 దాటినవారు, గుడ్డు పడనివారు డాక్టరుకు ముందే చెప్పాలి.

దోమ ద్వారా మలేరియా వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అందుకో ఏమో, మనవాళ్లకు మలేరియా అంటే లెక్కలేదు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే రకం. అది మెదడుకు ఎక్కిందంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముందుజాగ్రత్త మాత్రలు డాక్టరు చెప్పినట్టు వెళ్లకముందే మొదలుపెట్టి, వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మింగాలి. ప్రార్థన చేస్తూ మాత్ర వేసుకోండి. ప్రార్థన చేశాం కదా అని మాత్ర మానేయకండి.

ఇక మిగతావి.

పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. పిలిచిన బిషప్పు గారైనా సరే. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, దాచిపెట్టుకునే హక్కు ఏ పరిచర్యకూ లేదు. వెళ్లిన వారంలోనే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. సమస్య వస్తే మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చని ఇంట్లోవాళ్లకు కూడా నేర్పండి.

తిరుగు ప్రయాణం డబ్బు ఇక్కడ, సంఘం దగ్గర విడిగా ఉంచండి. దాన్ని దేనికీ ముట్టుకోకండి.

భార్యకు ఈ సేవ మీద భారం, అంటే మనసులో తపన, లేకపోతే ఆగండి. "వెళ్లాక అలవాటవుతుంది" అనకండి.

గల్ఫ్‌కు వెళ్లేవారు అనుమతి ఉన్న చర్చి ఆవరణ బయట కరపత్రం ఒక్కటి కూడా పంచకండి. ఎమిరేట్స్‌లో లైసెన్సు లేకుండా చందాలు పోగుచేయడం కూడా నేరమే. లేబర్ క్యాంపులో కానుకల సంచి తిప్పకండి.

బాప్తిస్మం ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకండి. ప్రార్థన మనవుల్లో అక్కడి విశ్వాసుల పేర్లు, ఊళ్లు రాయకండి. మీ గ్రూపులో పెట్టింది ఫార్వర్డ్ అయి ఎక్కడ తేలుతుందో మీకు తెలియదు.

నివేదికలో ఆత్మల లెక్క, అంటే విశ్వాసంలోకి వచ్చినవారి సంఖ్య, పెంచి రాయకండి.

విదేశీ స్నేహితులు సేవకోసం పంపే డబ్బు ఇక్కడి మీ సొంత ఖాతాలో వేయించుకోకండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదున్న సంస్థకైనా అది మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి.

మొదటి ఏడాది భాష నేర్చుకోండి. బోధించాలని తొందరపడకండి.

అలసిపోయానని, కోపం వస్తోందని, ప్రార్థన చేయలేకపోతున్నానని దాచకుండా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మీకు డబ్బు పంపేవాడు కాకూడదు. డబ్బు పంపేవాడికి ఎవరూ నిజం చెప్పరు.

విజిట్ వీసా మీద వెళ్లకండి. "అందరూ అలాగే వస్తున్నారు" అని అక్కడి తెలుగువాళ్లే చెప్పినా వెళ్లకండి. "ఆర్నెల్లకోసారి సరిహద్దు దాటి మళ్లీ ముద్ర వేయించుకోవచ్చు" అంటే అసలే నమ్మకండి.

తిరిగొచ్చిన ఏడాదిలోపు జ్వరం వస్తే వైరల్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొనకండి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, మీ డాక్టరు దగ్గరికో అదే రోజు వెళ్లండి. ఏ దేశం నుంచి వచ్చారో మొదటి మాటగా చెప్పి, మలేరియా పరీక్ష చేయమని అడగండి.