తుఫాను నెలల్లో భారీ ట్రైలర్: విజయనగరం, శ్రీకాకుళం దారిలో జాగ్రత్తలు

హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది. గులాబ్ అయితే 2021 సెప్టెంబర్ 26నే వచ్చేసింది. విశాఖ హార్బర్ నుంచి ట్రాన్స్‌ఫార్మరో బాయిలర్ డ్రమ్మో ఉత్తరానికి కదలాల్సి ఉంటే వినాయక చవితి నాటికే ట్రైలర్ తనిఖీ అయిపోవాలి.

అందరి భయమూ గాలి గురించే. లెక్క వేస్తే తెలుస్తుంది: గంటకు 144 కిలోమీటర్ల గాలి చదరపు మీటరును 100 కిలోల లోపు బలంతో తోస్తుంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తున్న ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీద అది సుమారు 3 టన్నులు. 150 టన్నుల సరుకుకు అదేం లెక్క కాదు. పెద్దగా ఉండి బరువు తక్కువున్న ఖాళీ ట్యాంకు, గాలిమర రెక్క లాంటివాటికి మాత్రం గాలి నిజమైన శత్రువే. మిగతా సరుకును పడేసేది కింద నానిన నేల.

మొదట యాక్సిల్ వరుసలు. మన దగ్గర హైడ్రాలిక్ ట్రైలర్‌కు 8 టైర్ల ఒక్కో వరుస మీద 18 టన్నులు పరిమితి. వరుస సొంత బరువు సుమారు 4 టన్నులు అనుకుంటే, 150 టన్నుల సరుకుకు 10 వరుసలు పెడితే ఒక్కోదానిపై 19 టన్నులు పడుతుంది, కుదరదు. 11 పెడితే 17.6, కాగితం మీద పాసే. వానాకాలంలో 12 పెట్టండి, 16.5కి దిగుతుంది. అద్దె మిగిలిందని 11తో బయల్దేరితే, సరుకు కేంద్రం ఒక అడుగు ముందుకు జరిగినా ముందు వరుసలు పరిమితి దాటతాయి.

ఇక సస్పెన్షన్. సరుకు పెట్టే డెక్‌ను నూనె సిలిండర్లు మోస్తాయి, వాటిని గ్రూపులుగా కలుపుతారు. ఒక గ్రూపులోని సిలిండర్లన్నీ ఒకే నూనె లైనులో ఉంటాయి. అందుకే ఒక్క హోసు పగిలితే ఆ ఒక్క యాక్సిలే కాదు, గ్రూపంతా దిగి ట్రైలర్ ఒక పక్కకు వాలుతుంది. హోసు పగిలిన యాక్సిల్‌కు నూనె ఆపే బాల్ వాల్వ్ ఎక్కడుందో చీకట్లో, వానలో కూడా చేతికి తెలియాలి. హెల్పర్లందరి చేతా ముందే మూయించి చూడండి. పగుళ్లు కనబడిన హోసును మార్చేయండి, ప్రతి కొలతలోనూ రెండేసి స్పేర్లు, ఓ-రింగులు, ఒక బ్యారెల్ నూనె వెంట ఉంచండి. ట్యాంకులో నూనె పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయని, దానితో కదలకూడదు.

డెక్ ఎత్తు స్ట్రోక్ (సిలిండర్ పైకీ కిందికీ కదిలే దూరం) మధ్యలో ఉంచండి. మలుపులో రోడ్డు 7 శాతం వాలితే 3 మీటర్ల వెడల్పు ట్రైలర్‌కు రెండు పక్కల మధ్య తేడా 210 మిల్లీమీటర్లు. డెక్‌ను ముందే పైకి లేపేసి ఉంటే ఆ తేడా సరిచేయడానికి స్ట్రోక్ మిగలదు.

అసలు ఇబ్బంది జాతీయ రహదారి మీద కాదు, సబ్‌స్టేషన్‌కో ఫ్యాక్టరీకో తిరిగే చివరి 2, 3 కిలోమీటర్ల ఊరి రోడ్డులో. అటు గెడ్డ (వాగు), ఇటు వరి మడి, మధ్యలో పైపు కల్వర్టు. టైరు కింద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 8 నుంచి 10 కిలోలు, నానిన మట్టి 1 కిలో మోయడమే కష్టం. తారు అంచు బాగానే కనిపిస్తుంది గానీ కింద గట్టు తొలుచుకుపోయి ఉంటుంది. గునపం పెట్టి చేత్తో నొక్కండి. సులువుగా అడుగు లోతు దిగితే 25 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేట్లు పరవకుండా ఆ అంచు మీదకు పోవద్దు. కల్వర్టుకు రెండు వైపులా దిగి పైపు కీళ్లు చూడండి. రూట్ సర్వే వేసవిలో చేసి ఉంటే అది పనికిరాదు, వాన పడ్డాక మళ్లీ నడిచి చూడాలి.

పెద్ద వంతెనల మీద వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు, మధ్యగీతకు అటూ ఇటూ 300 మిల్లీమీటర్లకు మించి జరగకూడదు, మరో వాహనం ఉండకూడదు, బ్రేకు వేయకూడదు. కొత్త వంతెనలకు 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క చూస్తారు, పాతవాటికి ఆ హామీ లేదు. వంశధార, నాగావళి ఒడిశా నుంచి వస్తాయి కాబట్టి ఇక్కడ ఎండ కాస్తున్నా వరద దిగవచ్చు. వంశధార మీది మడపాం వంతెన ఎక్కే ముందు ఎగువనున్న గొట్టా బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో అడగండి.

కట్టు విషయం. సులువుకు 100 టన్నుల సరుకు అనుకుందాం. బ్రేకు వేస్తే ముందుకు 80 టన్నుల బలం. తడిసిన ఇనుము మీద ఇనుము రాపిడి 10 టన్నులే ఆపుతుంది, మిగతా 70 గొలుసులే మోయాలి. గ్రేడ్ 80, 13 మిల్లీమీటర్ల గొలుసు 10 టన్నులు పడుతుంది గానీ 45 డిగ్రీల వాలులో 7కి పడిపోతుంది, అంటే 10 గొలుసులు కావాలి. కింద రబ్బరు మ్యాటు వేస్తే రాపిడి 60 ఆపుతుంది, 4 గొలుసులతో పని అయిపోతుంది. మ్యాటు మీద బురద, నూనె ఉంటే ఈ లెక్క చెల్లదు. మొదటి 10 కిలోమీటర్ల తర్వాత గొలుసులన్నీ మళ్లీ బిగించండి.

కరెంటు తీగలకు లైన్ క్లియర్ (సరఫరా ఆపారన్న అనుమతి) తీసుకోనిదే కదలవద్దు. తడిసిన వెదురు కర్రతో తీగ ఎత్తే అలవాటు మానండి. అండర్‌పాస్ బోర్డు 5.5 మీటర్లు అన్నా టేపుతో కొలవండి, పై తారు పొరలు కొంత ఎత్తు తినేసి ఉంటాయి.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకులో నైట్రోజనో పొడి గాలో నింపి వస్తుంది. గేజీ రోజూ రెండు పూటలా రాసుకోండి. ఒత్తిడి సున్నాకి దిగితే తేమ లోపలికి పోయి ఇన్సులేషన్ పాడవుతుంది, వాన రోజుల్లో మరీ త్వరగా.

విశాఖ నుంచి టెక్కలి 150 కిలోమీటర్ల పైనే. రోజుకు 40, 50 నడిస్తే 3, 4 రోజులు. వాతావరణ శాఖ 24 గంటల ముందిచ్చే హెచ్చరిక మీకు చాలదు. 72 గంటల ముందు వచ్చే సూచనకే కొత్త ప్రయాణం ఆపేయండి. అప్పటికే దారిలో ఉంటే చెట్టు, హెచ్‌టీ (హై టెన్షన్ కరెంటు) లైను, ఏటి గట్టు దగ్గర లేని గట్టి నేల చూసుకోండి. ఉద్దానం కొబ్బరి తోటల నీడ బాగుంటుంది, తిత్లీలో ఆ చెట్లే కూలాయి. సరుకును హైడ్రాలిక్ మీద వదిలేయకండి, నూనె మెల్లగా కారి డెక్ ఒరుగుతుంది. సరుకు కింద స్లీపర్లు (చెక్క దిమ్మలు) పేర్చి, డెక్‌ను దించి బరువు వాటి మీదికి మార్చాలి. పుల్లర్‌ను (ట్రైలర్‌ను లాగే బండిని) విడదీసి దూరంగా పెట్టండి.

తుఫాను వెళ్లాక వెంటనే కదలవద్దు. నీరు తీసిన తర్వాతే గట్లు జారతాయి, కల్వర్టులు కుంగుతాయి. ముందుగా పైలట్ బండి చివరి దాకా వెళ్లి రావాలి.