కుక్కపిల్ల బొమ్మలతో ఇబ్బందులు: ముందు బొమ్మని చేతిలోకి తీసుకుని చూడండి

కుక్కపిల్లకి వాంతులవుతున్నాయనో, ఇన్ని బొమ్మలు కొన్నా చెప్పులే కొరుకుతోందనో ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: "బొమ్మ ఇప్పుడు ఎలా ఉంది?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. కొన్న రోజు ఎలా ఉందో చెబుతారు. రంగు చెబుతారు, ఆకారం చెబుతారు. ఇవాళ కుట్టు ఊడిందా, ముక్క ఏదైనా తగ్గిందా అంటే మాత్రం "చూడలేదండీ" అంటారు. ఏళ్లుగా కుక్కపిల్లల్ని సాకుతున్నాను. తెలిసినవాళ్ల ఇళ్లలో వాటితో వచ్చే తిప్పలు కూడా సర్దుతుంటాను. ఈ ఒక్క చూపు చూడక డాక్టర్ దాకా వెళ్లినవాళ్లని చూసి చూసి విసిగిపోయాను.

అందుకే కింద ఉన్నది చదివే ముందు ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ తెచ్చి ముందు పెట్టుకోండి. ఒక్కోదాన్ని పిండండి, మెలిపెట్టండి, కుట్ల వెంట వేలు పోనిచ్చి చూడండి. ఐదు నిమిషాల పని.

బొమ్మలున్నాయి, అయినా చెప్పులు, కుర్చీ కాళ్లే కొరుకుతోంది

ముందు వయసు చూడండి. కుక్కపిల్లకి పాలపళ్లు 28. మూడు, నాలుగు నెలల వయసులో ఇవి ఊడటం మొదలై, ఆరేడు నెలలు వచ్చేసరికి 42 అసలు పళ్లు వస్తాయి. ఈ మధ్య కాలంలో చిగుళ్లు సలుపుతుంటాయి. పంటి కింద కాస్త లొంగే వస్తువు కోసం అది వెతుక్కుంటుంది. మీరు కొన్న బొమ్మ రాయిలా ఉండి, చెప్పు మెత్తగా ఉంటే అది చెప్పు దగ్గరికే వెళుతుంది. పైగా చెప్పుకి మీ వాసన ఉంటుంది.

కుక్కపిల్లల కోసమని తయారుచేసే మెత్తటి రబ్బరు బొమ్మ ఒకటి తెచ్చి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి. చల్లదనానికి చిగుళ్ల నొప్పి తగ్గుతుంది. ఈ వయసులో బొమ్మ మీద చిన్న నెత్తుటి చుక్క కనిపిస్తే టెన్షన్ పడకండి, పన్ను ఊడుతోందని అర్థం. ఆరేడు నెలలు దాటాక కూడా పాత కోరపన్ను ఊడకుండా కొత్తదాని పక్కనే నిలబడి ఉంటే అప్పుడు డాక్టర్‌కి చూపించండి.

వయసు కారణం కాకపోతే రెండు విషయాలు చూడండి. పాత చెప్పు, పాత సాక్సు ఆడుకోమని ఇచ్చారా? ఇచ్చి ఉంటే తీసేయండి. పాత చెప్పుకీ కొత్త చెప్పుకీ తేడా దానికి తెలియదు. రెండోది, బొమ్మలన్నీ రోజంతా నేల మీదే పడి ఉంటున్నాయా? కదలని వస్తువు రెండు రోజుల్లో దానికి గోడతో సమానం. మూడో నాలుగో బయట ఉంచి మిగతావి దాచేయండి, రెండు మూడు రోజులకోసారి మార్చండి. మీరు కూర్చుని బొమ్మని నేల మీద లాగుతూ కదిలిస్తే వెంటపడుతుంది.

బొమ్మ చూపిస్తే చేతినే పట్టుకుంటోంది

బొమ్మ పొట్టిగా ఉంది, అంతే. మీ వేళ్లకీ దాని పళ్లకీ మధ్య మూర దూరం ఉండేంత పొడవైనది తీసుకోండి. లాగుడు ఆట ఆడేటప్పుడు బొమ్మని కింద, దాని తల ఎత్తులోనే ఉంచి పక్కలకి ఆడించండి. పైకి ఎత్తి వేలాడదీస్తే పళ్లకీ మెడకీ దెబ్బ. నోట్లోంచి తీసుకోవాలంటే గుంజుకోకండి. ఇంకో బొమ్మో, తినేదేదో చూపించి మార్పిడి చేయండి. గుంజుకునే ఇళ్లలో పిల్ల కొన్నాళ్లకి బొమ్మ పట్టుకుని మంచం కిందికి దూరడం, దగ్గరికెళ్తే గుర్రుమనడం నేర్చుకుంటుంది.

బొమ్మని ఒకసారి కొరికి వదిలేస్తోంది, లేదా పన్ను విరిగింది

ఎక్కువసార్లు కారణం గట్టిదనమే. "ఎన్నాళ్లయినా పాడవదు" అని అట్ట మీద రాసి ఉంటే అది బొమ్మ గురించి రాసిన మాట, పళ్ల గురించి కాదు. బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గోరు గుర్తు కాస్తయినా పడాలి. ఇంకో పరీక్ష ఉంది: ఆ బొమ్మతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోవడానికి వెనకాడతారా? అయితే అది దాని నోట్లోకి వద్దు. జింక కొమ్ము, గిట్ట, ఉడికించినా ఉడికించకపోయినా ఎముక, ఇవన్నీ ఈ లెక్కలో తప్పుతాయి. పెద్ద కుక్కల్లోనే వీటివల్ల పై దవడలో వెనక ఉండే పెద్ద పన్ను చెక్కలా విరిగిపోతుంది. పాలపళ్లు ఇంకా పలచన.

విరిగిన చోట మధ్యలో గులాబీ రంగు చుక్కగానీ నల్ల చుక్కగానీ ఉంటే పంటి లోపలి నరం బయటపడినట్టు. పాలపన్నే కదా, ఎలాగూ ఊడుతుంది అని వదిలేయకండి. చీము పడితే కింద తయారవుతున్న అసలు పన్ను కూడా పాడవుతుంది.

ఆడుతూ ఆడుతూ ఉక్కిరిబిక్కిరి అయింది

రెండు నెలలప్పుడు కొన్న బంతి ఐదు నెలలకి కూడా అదే ఉంటుంది, నోరు మాత్రం పెరిగిపోతుంది. అప్పుడు నోట్లో పట్టని బంతి ఇప్పుడు కోరపళ్లు దాటి గొంతు దాకా జారుతుంది. బంతి కోరపళ్ల వెనక్కి వెళ్లగలిగితే ఆ రోజే తీసేయండి. నెలకోసారి దాని నోటి పక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

నిజంగా అడ్డం పడితే నోరు తెరిచి చూడండి. కనబడి, వేలితో పక్కనుంచి బయటికి లాగగలిగితేనే లాగండి. కనబడనిదాని కోసం వేలు పెట్టి తడిమితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న పిల్లయితే తల కిందికి వచ్చేలా పట్టుకుని రెండు భుజాల మధ్య అరచేత్తో గట్టిగా తట్టండి. ఊపిరి ఆడినా ఆడకపోయినా డాక్టర్ దగ్గరికి బయల్దేరాల్సిందే.

మెత్తటి బొమ్మని గంటలో చింపేస్తోంది

చింపడం దాని స్వభావం. సమస్య లోపల ఉన్నదానితో. దూది, కీచుమనే ప్లాస్టిక్ బిళ్ల, గుండీ కళ్లు, రిబ్బన్లు మింగేస్తుంది. కళ్లు, రిబ్బన్లు కొన్న రోజే కత్తిరించి పారేయండి. కీచుబొమ్మ మీరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి. ఆ బిళ్ల శబ్దం ఆగిపోయిందంటే బిళ్ల ఎక్కడుందో వెంటనే వెతకాలి.

వాంతులు, తిండి మానేసింది, కానీ బొమ్మ మాత్రం బాగానే ఉంది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

తాడు బొమ్మ అందరిళ్లలోనూ ఉంటుంది. లావుపాటి నూలు తాడు, రెండు వైపులా ముడి, ముడి చివర కుచ్చు. మెత్తగా ఉంటుంది, పన్ను విరగదు, గొంతుకి అడ్డం పడేంత చిన్నదీ కాదు. పైన చెప్పిన పరీక్షలన్నిట్లో నెగ్గుతుంది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు.

నా దగ్గర పెరిగిన ఒక పిల్లకి అప్పుడు నాలుగు నెలలు. మధ్యాహ్నం పూట తాడుని ముందుకాళ్ల మధ్య బిగించి పడుకుని, తల ఒక పక్కకి వాల్చి, కుచ్చుని దవడ పక్క పళ్లతో నములుతూ గంటలు గడిపేది. బుద్ధిగా ఆడుకుంటోందని నేను నా పని చూసుకునేదాన్ని. ఒకరోజు ఉదయం రెండుసార్లు కక్కింది. తిండి పడలేదేమో అనుకుని ఆ పూట కడుపు ఖాళీగా ఉంచాను. సాయంత్రానికి మళ్లీ కక్కింది. మర్నాడు గిన్నె ముందు పెట్టినా వాసన చూసి పక్కకి తిరిగింది, వీపు విల్లులా వంచి మూలన నిలబడింది. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోయింది.

డాక్టర్ బొమ్మల గురించి అడిగితే తాడు ఒక్కటే అని, అదీ చెక్కుచెదరలేదని చెప్పాను. తెమ్మన్నారు. తీసుకెళ్లి బల్ల మీద పెడితే ఆయన రెండు కుచ్చుల్నీ పక్కపక్కన పట్టి చూపించారు. ఒకటి ఇంకోదానికంటే రెండు వేళ్లు పొట్టిగా ఉంది. ఆ రెండు వేళ్లూ దాని కడుపులో ఉన్నాయి. రోజూ చూసే వస్తువు, కానీ ఆ రెండు కొనల్ని పక్కపక్కన పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు.

దారం మిగతా వస్తువుల్లాంటిది కాదు. గులకరాయి మింగితే ఒకచోట అడ్డం పడుతుంది. దారం అలా కాదు, ఒక కొన ఎక్కడో చిక్కుకుంటుంది. కుక్కల్లో ఎక్కువగా జీర్ణాశయం పేగుతో కలిసే చోట, కొన్నిసార్లు నాలుక కింద. మిగతా పొడవు పేగులోకి జారుతుంది. పేగు తిండిని తోసినట్టే దాన్నీ ముందుకు తోయబోతుంది. కొన కదలదు కాబట్టి పేగే దారం మీదికి ఎగబాకుతుంది. బొందు లాగితే గుడ్డ కుచ్చిళ్లు పడినట్టు పేగంతా ముడుచుకుపోతుంది. బిగుసుకున్న ఆ దారం ప్రతి కదలికకీ పేగుని లోపలినుంచి కోస్తుంది. చిల్లు పడితే లోపలి మలినం కడుపంతా పాకి ప్రాణం మీదికి వస్తుంది. మా పిల్లకి ఒక చోట చిల్లు పడబోతుండగా ఆపరేషన్ చేశారు. బతికింది.

మీ ఇంట్లో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే చేయాల్సింది ఇది. నాలుక ఎత్తి కింద చూడండి. దారం కనిపించినా లాగకండి. మలద్వారం దగ్గర వేలాడుతున్నా లాగకండి. మీరు లాగే ప్రతి అంగుళం లోపల పేగుని కోస్తుంది. నాలుక కింద ఏమీ లేదంటే దారం లేదని కాదు, కడుపులో ఉండొచ్చు. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, దానివల్ల వేరే ప్రమాదం వస్తుంది. కొనల్ని పక్కపక్కన పెట్టి చూసి, ఆ తాడునే చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గుడ్డ, నూలు మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు. ఏం మింగిందో మీరు చెబితే ఆయన స్కాన్ చేయాలా, ఇంకేం చేయాలా అన్నది త్వరగా తేల్చుకుంటారు. "చూద్దాం, రేపటికి తగ్గుతుందేమో" అని నేను ఆగిన ఆ ఒక రోజు మీరు ఆగకండి.

తాడు బొమ్మని ఇంట్లో ఉంచాలంటే అది మీ చేతిలో ఉన్నంతసేపే ఆట. లాగుడు ఆట అయిపోగానే అందనంత ఎత్తులో పెట్టేయండి. నమలడానికి ఇవ్వకండి. కొన్న రోజే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ప్రతి ఆట తర్వాత రెండు కుచ్చులూ కలిపి పట్టి చూడండి, వదులైన పోగులు కత్తిరించండి. పోగులు చేతికి ఊడివస్తుంటే ఇక దాని పని అయిపోయింది, పారేయండి. సాక్సు అంచు, తివాచీ చివరి పోగులు, మెత్తటి బొమ్మ కుట్టుదారం కూడా ఇదే పని చేస్తాయి.

అరుదుగా వచ్చేవి

ఒకే రంధ్రం ఉన్న రబ్బరు బంతిలో నాలుక పీల్చుకుపోయి ఇరుక్కుంటుంది, రెండు రంధ్రాలున్నదే కొనండి. టెన్నిస్ బంతి విసిరి తెచ్చుకోవడానికి సరే, రోజూ నమిలితే దాని పైనున్న గరుకు గుడ్డకి పళ్లు అరుగుతాయి. లేజర్ లైటు ఆట వద్దు, కొన్ని కుక్కలు తర్వాత ప్రతి వెలుగు నీడ వెంటా ఆగకుండా పరిగెడతాయి. కర్రపుల్లలు చీలికలై అంగిట్లో గుచ్చుకుంటాయి. బొమ్మ లోపల వేరుశనగ వెన్న పూసి ఇచ్చేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకి బదులు కలిపే తీపి పదార్థం) అన్న పేరు లేదని చూసుకోండి, అది కుక్కలకి విషం.

లైట్లు వెలిగే, పాటలు పాడే బొమ్మల్లో బిళ్ల బ్యాటరీలుంటాయి. వాటిని అసలు ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి, మూత ఊడి బ్యాటరీ కనబడకపోతే మింగేసిందనే అనుకోండి; అది అన్నవాహికని గంటల్లోనే కాల్చేస్తుంది. అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే బయల్దేరండి.