మిగిలిన చేపల పులుసు ఇలా దాస్తున్నాను

మర్నాటి చేపల పులుసు రుచే వేరు. అందుకే మా ఇంట్లో గిన్నె రాత్రంతా పొయ్యి మీదే ఉండేది. కానీ బయట ఉన్న కూరలో బ్యాక్టీరియా పెరిగితే, అది వదిలే కొన్ని విషాలు పొద్దున ఎంత మరిగించినా పోవు. పిల్లలకు పెట్టాలంటే నాకు టెన్షనే.

ఇప్పుడు భోజనాలవగానే లోతు తక్కువ స్టీలు డబ్బాల్లోకి తీసి, త్వరగా చల్లార్చి, 2 గంటల్లోపే ఫ్రిజ్‌లో పెడుతున్నాను. మండే ఎండల్లో గంటలోపే. ముక్కలకు పులుపు అక్కడా చక్కగా పడుతుంది! 3 రోజుల్లో తినలేమనిపిస్తే మొదటిరోజే పూటకు సరిపడా విడదీసి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెడతాను. ముక్కలు పులుసులో మునిగి ఉంటే ఎండిపోవు. వాడేముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, తినేంతే పొగలొచ్చేలా కాచుకుంటాం.