పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారుకు తిరుపతిలో వీల్ అలైన్‌మెంట్: నమ్మదగిన షాపును ఎలా ఎంచుకోవాలి?

కొండకు వచ్చే యాత్రికులను తిప్పే ట్యాక్సీలూ ట్రావెల్స్ బండ్లూ నిత్యం తిరిగే తిరుపతిలో వీల్ అలైన్‌మెంట్ చేసే టైర్ల షాపులకు కొదవ లేదు. అయితే వాటి రోజువారీ పని చాలావరకు ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేయడంతో ముగుస్తుంది. ఆల్ఫా రోమియో స్పైడర్, ఫియట్ 124 స్పైడర్, ఫెరారీ 308 వంటి పాత కార్ల విషయంలో అది సరిపోదు. అందుచేత షాపును వెతకడానికి ముందే, మీ కారులో ఏ కొలతను మార్చవచ్చో, ఏది మారదో మీరు తెలుసుకోవాలి.

మొదట కారును తెలుసుకోండి

1975లో వచ్చిన ఫెరారీ 308లో నాలుగు చక్రాలకూ జంట విష్‌బోన్లు (చక్రాన్ని పైనా కిందా పట్టి ఉంచే ఆర్మ్‌లు) ఉంటాయి. వాటి బ్రాకెట్లు ఛాసిస్‌కు బిగిసే చోట షిమ్‌లు, అంటే పలుచని లోహపు బిళ్లలు, చేర్చి లేదా తీసి క్యాంబర్‌ను (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), క్యాస్టర్‌ను (ముందు చక్రం స్టీరింగుతో తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలే కోణం) మారుస్తారు. ఫియట్ 124 స్పైడర్‌లో కూడా ముందు భాగంలో ఇదే పద్ధతి. ఆల్ఫా స్పైడర్‌లో క్యాస్టర్‌ను మరలున్న రాడ్‌తో సర్దుతారు. ఈ రెండు స్పైడర్లకూ వెనుక ఉన్నది ఒకే గట్టి యాక్సిల్ కనుక అక్కడ సర్దడానికి ఏమీ ఉండదు. వెనుక కొలత తప్పుగా కనిపిస్తే యాక్సిల్ వంగిందనో, దాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌ల బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు) అరిగాయనో అనుమానించాలి. కాబట్టి ఈ స్పైడర్లకు వెనుక క్యాంబర్ కూడా సెట్ చేసి ఇస్తామని ఎవరైనా మాట ఇస్తే, ఆ షాపును అక్కడే వదిలేయవచ్చు.

తరువాత, మీ మోడల్‌కు, తయారైన సంవత్సరానికి సరిపోయే కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించి అందులోని కొలతలను ఒక కాగితం మీద రాసుకోండి. పాత మాన్యువళ్లలో టో సాధారణంగా మిల్లీమీటర్లలో ఉంటుంది, నేటి యంత్రాలు డిగ్రీలు, మినిట్లలో (మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చూపుతాయి. 14 అంగుళాల రిమ్ మీద 1 మిల్లీమీటరు దాదాపు 10 మినిట్లకు సమానం. మాన్యువల్‌లోని అంకె రెండు చక్రాలకూ కలిపినదా, ఒక్కొక్క దానిదా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే అక్కడ పొరబడితే టో రెట్టింపవుతుంది, లేదా సగమవుతుంది.

అలైన్‌మెంట్‌కు ముందు మరమ్మతు

బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, వీల్ బేరింగులలో ఆట (వదులు) ఉన్నంతవరకు ఎంత మంచి యంత్రంతో చేయించినా ఆ సెట్టింగు నిలవదు. వీటిని మీ మెకానిక్ దగ్గర ముందుగానే మార్పించండి. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. పాత స్ప్రింగులు కుంగితే క్యాంబర్ కూడా మారుతుంది కనుక కారు ఎత్తును మాన్యువల్ చెప్పిన చోట కొలిచి చూసుకోవాలి.

ఎవరిని అడగాలి, ఏమి అడగాలి

ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన కారే. తిరుపతిలో గాని చిత్తూరులో గాని వాటి మీద చేయి తిరిగిన పాత మేస్త్రీలు దొరికితే ముందుగా వారిని అడగండి. తమ పనిని ఏ అలైన్‌మెంట్ షాపుకు పంపేవారో వారు చెప్పగలరు. ఇక్కడ ఎవరూ కుదరకపోతే, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో పరుగెత్తే కార్లను సిద్ధం చేసే మెకానిక్‌లను విచారించడం మేలు, ఎందుకంటే సస్పెన్షన్ కొలతలను చేత్తో సర్దడం వారికి నిత్యకృత్యం.

షాపుకు మొదటిసారి ఆ కారు లేకుండానే వెళ్లండి. “మేస్త్రీ, మా బండి మీ కంప్యూటర్‌లో లేకపోతే ఎట్లా చేస్తారు?” అని అడగండి. “కొలతలు మీరు తెస్తే ఎంటర్ చేసుకుంటాం సార్” అనే మనిషితో మాట కొనసాగించవచ్చు. “దానికి దగ్గరగా ఉండే వేరే మోడల్ పెట్టి చేసేస్తాం” అంటే నమస్కారం చెప్పి రావడమే మంచిది. ముందు చక్రాల కింద ఉండే టర్న్‌టేబుళ్లు దుమ్ము పట్టకుండా సులువుగా తిరుగుతున్నాయా, కిందికి ఉన్న ముక్కు తగలకుండా కారు ర్యాంప్ ఎక్కగలదా, పని జరిగేటప్పుడు మిమ్మల్ని పక్కన నిలబడనిస్తారా అన్నవి కూడా గమనించండి.

నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష మరొకటి ఉంది. మీరు రోజూ వాడే కారును అక్కడ కొలిపించి, కొలవడానికి చక్రాలకు బిగించిన క్లాంపులు తీయించి, కారును కిందికి దింపి, మళ్లీ ఎక్కించి రెండవసారి కొలిపించండి. రెండు ప్రింట్లూ కొద్ది మినిట్ల తేడాలో కలిస్తే ఆ యంత్రాన్నీ ఆ చేతినీ నమ్మవచ్చు. రెండు కొలతలకూ డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. వారి సమయానికి విలువ ఇచ్చినట్టు ఉంటుంది, విసుగు లేకుండా చేస్తారు.

పని చేయించే రోజు

షిమ్‌ల పని తొందరలో కాదు. రద్దీ లేని రోజు చూసుకుని, వెచ్చించే సమయాన్ని బట్టి కూలి మాట్లాడుకోండి. టైర్లలో గాలి సరిచేయించి, పెట్రోలు, మనుషుల బరువు విషయంలో మాన్యువల్ ఏది చెబితే అది పాటించండి. డ్రైవరు బరువు కావాలంటే సీటులో ఇసుక మూటలు పెట్టవచ్చు. వెనుక చక్రాలు సర్దదగినవైతే ముందు అవి, ఆ తరువాత ముందు చక్రాల క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికన్నా చివర టో అన్న క్రమం తప్పకూడదు. ఏ షిమ్ తీయకముందే ఒక్కొక్క చోట ఎన్ని ఉన్నాయో ఫోటో తీసి రాసి పెట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగవద్దు. క్యాంబర్ కోసం హైడ్రాలిక్ పనిముట్టుతో సస్పెన్షన్‌ను లాగి వంచే అలవాటు మన షాపులలో ఉంది. పాత కారులో భాగం ఒకసారి వంగితే దానికి ప్రత్యామ్నాయం దొరకడం చాలా కష్టం కనుక, లాగడం గాని వేడి చేయడం గాని వద్దని పని మొదలుకాక ముందే స్పష్టంగా చెప్పండి.

పని ముగిశాక

పనికి ముందటి ప్రింటు, తరువాతి ప్రింటు రెండూ తీసుకోండి. నడిపి చూడడానికి మలుపుల ఘాట్ రోడ్డు పనికిరాదు. చిత్తూరు వెళ్లే రహదారిలో సమతలంగా, నేరుగా ఉన్న భాగాన్ని ఎంచుకోండి. నీరు పోవడానికి రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది కనుక కారు కొద్దిగా ఎడమకు జరగడం సహజమే, గట్టిగా లాగితే మాత్రం తిరిగి చూపించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక సర్దిన బోల్టుల బిగువును టార్క్ రెంచితో మళ్లీ చూపించి, టైరు మీద అరచేతితో అడ్డంగా అటూ ఇటూ నిమరండి. ఒకవైపు నునుపుగా, మరోవైపు గరుకుగా తగిలితే టో ఇంకా సరిగా లేదని అర్థం. ఆ రెండు ప్రింట్లతో అదే షాపుకు వెళ్లి మళ్లీ కొలిపించండి.