గుమస్తా మారినా గైడు ఉంటుంది

భీమవరంలో మా బావగారి రొయ్యల మేత కొట్లో గుమస్తా మారినప్పుడల్లా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదట్నించి నేర్పాల్సొచ్చేది. స్క్రీన్‌షాట్లు ఒక్కోటీ తీసి వర్డ్‌లో అతికిస్తే పూటంతా పోయేది.

ఇప్పుడు విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లీషులో పీ ఎస్ ఆర్ అని కొట్టి ఎంటర్ చేస్తే, చేసే పనిని బొమ్మలుగా దాచే విండోస్ ప్రోగ్రాం స్టెప్స్ రికార్డర్ తెరుచుకుంటుంది. స్టార్ట్ రికార్డ్ నొక్కి ఒక బిల్లు మామూలుగా చేసేయడమే. ఆపి సేవ్ చేస్తే ప్రతి క్లిక్కూ బొమ్మతో, వరుసగా జిప్ ఫైల్లో ఉంటుంది. మామూలుగా చివరి 25 బొమ్మలే ఉంచుతుంది, సెట్టింగ్స్‌లో ముందే 60 చేసుకోండి. నాకు మొదటిసారి పార్టీ (కొనే రైతు) పేరు ఎంచుకునే భాగమే ఎగిరిపోయింది! రైతుల ఫోన్ నంబర్లు బొమ్మల్లో పడకుండా ఉత్తుత్తి పేరు పెట్టుకోండి.

టైప్ చేసిన అక్షరాలు మాత్రం ఇది రాయదు. "బస్తాల గడిలో 12 కొట్టాలి" లాంటివి మనమే చేర్చాలి. మైక్రోసాఫ్ట్ దీన్ని ఆపేస్తానంది, కొత్త కంప్యూటర్లో కనబడకపోవచ్చు.