పాలిండ్రోమ్ సంఖ్యలు, 4వ పాఠం: ముందు ఆ కామాలు తీసేయండి

ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యే పాలిండ్రోమ్. పోయినసారి ఇచ్చిన పని చిన్నదే. హన్మకొండ పిన్ కోడ్ 506001 పక్కన దాన్నే తిప్పి రాస్తే 506001100605 వస్తుంది. 7, 11, 13లతో అది నిశ్శేషంగా పోతుందా అని అడిగాం. పరీక్ష ఇది: కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి, ఒకదాన్ని కూడి తర్వాతిదాన్ని తీసేస్తూ పోవాలి. వచ్చిన ఫలితం దేనితో పోతే అసలు సంఖ్యా దానితో పోతుంది. 11 సంగతి చెప్పక్కర్లేదు, అంకెలు 12, అంకెల లెక్క సరి అయితే పాలిండ్రోమ్ 11తో పోతుంది. ఆగమాగమైంది 7 దగ్గరే. ఎక్కువ మందికి 617 వచ్చింది, దాన్ని 7తో భాగిస్తే 1 మిగిలింది, 'పోదు' అని రాసేశారు.

ఆ 617 ఎట్లా వచ్చిందంటే, బ్యాంకు పాస్‌బుక్కులో రాసినట్టు 5,06,00,11,00,605 అని రాసి, కుడి నుంచి 605−00+11−00+06−5 చేశారు. లెక్క తప్పలేదు, కామాలే తప్పాయి. యాభై వేల ఆరు వందల కోట్ల పదకొండు లక్షల ఆరు వందల ఐదు అని చదవడానికి ఆ కామాలు బాగానే ఉంటాయి. కానీ ఈ పరీక్షకు ఆధారం 7×11×13=1001. 1000 దానికి ఒకటి తక్కువ. అందుకే ఎడమకు మూడు స్థానాలు జరిగినప్పుడల్లా గుర్తు మారుతుంది. మన కామా మొదట మూడు స్థానాలకు, ఆ తర్వాత రెండేసి స్థానాలకు పడుతుంది. రెండు స్థానాలంటే 100. 100ని 7తో భాగిస్తే శేషం 2, −1 కాదు. అక్కడ ఒకసారి కూడి ఒకసారి తీసేయడానికి అర్థమే లేదు. నేనైతే కామా జోలికే పోను, కుడి నుంచి మూడేసి అంకెల కింద గీత గీస్తాను.

506 | 001 | 100 | 605

605−100+1−506=0. మూడింటితోనూ పోతుంది.

సున్నా ఊరికే రాలేదు. 605, 506 ఒకదానికొకటి తిరగబడ్డ సంఖ్యలు, తేడా 99. 001, 100 కూడా అంతే, తేడా −99. తిప్పినప్పుడు నడిమి అంకె కొట్టుకుపోతుంది, చివరి అంకెల తేడాకు 99 రెట్లు మిగులుతుంది. కాబట్టి పిన్‌లో నాలుగు అంకెలు చూస్తే చాలు: (మూడోది−మొదటిది)+(నాలుగోది−ఆరోది). 506001కి 1−1=0. వరంగల్ 506002కి 1−2=−1, కరీంనగర్ 505001కి 0−1=−1. ఆ రెండు పిన్‌ల పాలిండ్రోమ్‌లూ 7తో పోవు, 13తోనూ పోవు. 99 కారణాంకాల్లో 7, 13 లేవు కాబట్టి ఆ రెండు బ్రాకెట్ల మొత్తమే వాటితో పోవాలి.

కొందరు నడిమి 1ని ఒకేసారి రాసి 50600100605 తెచ్చారు. అది 11 అంకెల సంఖ్య, 11తో భాగిస్తే 10 మిగులుతుంది. అట్లాగని బేసి అంకెలుంటే 11తో పోదనుకోవద్దు, 121 ఉంది కదా.

అభ్యాసం: 506001100605ను పక్కపక్కనే రెండుసార్లు రాయండి. ఆ 24 అంకెల పాలిండ్రోమ్ 73తో, 137తో పోతుందని చూపండి. 10001 కారణాంకాలు ముందు రాసుకోండి. ఎక్సెల్‌లో మాత్రం కొట్టొద్దు, 15 అంకెలు దాటినవన్నీ సున్నాలైపోతాయి.